హై ప్రోటీన్ డైట్

అనిత పప్పుకట్టును రెండోసారి వడకడుతోంది. మొదటిసారి టీ వడపోసే జాలీలో పోసింది. అందులోంచి నలుసులు దిగాయని సువార్తరావు ఒప్పుకోలేదు. ఇప్పుడు పాత చున్నీ ముక్కను నాలుగు మడతలు వేసి గిన్నె మూతికి కట్టి, గరిటెతో కొంచెం కొంచెంగా పోస్తోంది. ఆయన పక్కనే నిలబడి మెడ వంచి, గుడ్డలోంచి దిగుతున్న నీళ్ళను సైటులో నీటి నమూనా చూసినట్టు చూస్తున్నాడు.

"ఇంకా మబ్బుగా ఉందమ్మాయ్."

"పసుపు చిన్నాయనా."

"పసుపైతే పచ్చగా ఉండాలి. ఇది తెల్లగా ఉంది. ఇంకోసారి పట్టు."

హాల్లో సోఫా మీద పడుకున్న సౌభాగ్యమ్మ గొంతు ఎత్తింది. "మూడోసారి కూడా వడకడితే ఇంక పంపు నీళ్ళే తాగేయొచ్చు గదండీ. పాపం ఆ పిల్లకి శ్రమెందుకు?"

"నువ్వు మాట్లాడకు. ఆయాసం వస్తుంది."

"మాట్లాడితే రాదు. ఆ చారు చూస్తే వస్తోంది."

అనిత తల వంచుకునే నవ్వుకుంది. దోహాలో నజ్మా పేటలోని ఈ మూడో అంతస్తు ఇంట్లో చిన్న గది అద్దెకు తీసుకుని ఆమె వచ్చి ఎనిమిది నెలలైంది. కళ్యాణదుర్గం పక్క పల్లెటూరి బడిలో చదువుకుని, అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, అల్ సద్‌లో ఒక క్లినిక్కులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగానికి వచ్చింది. ఇంటివాళ్ళది పాలకొల్లు. వాళ్ళను అంకుల్, ఆంటీ అని పిలవడానికి నోరు తిరగక, తమ ఊరి అలవాటున చిన్నాయన, చిన్నమ్మ అంది. వాళ్ళకూ అది బాగానే ఉంది. పిలుపు కుదిరింది కానీ మాటలు మాత్రం కుదరలేదు. అనిత మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. సువార్తరావు ముందైతే ఆ తక్కువ కూడా సగమయ్యేది.

ఐదు వారాల కిందట సౌభాగ్యమ్మకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు ఊపిరి అందలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయన్నారు. గుండె వల్లనేమోనని మొదట గుండెకు స్కాన్ తీశారు. గుండె గడియారంలా ఉంది. పదకొండు రోజులు ఉంచుకుని పంపించారు. పంపేరోజున డాక్టర్ ఫసీయుద్దీన్ మంచం పక్కన కూర్చుని తన హైదరాబాదు తెలుగులో నిదానంగా చెప్పాడు.

"పరేషాన్ గావద్దమ్మా. గుండె మంచిగున్నది. ఇన్ఫెక్షన్‌కు లోపటి గోడ వదులైంది. గందుకే నీళ్ళతోని ప్రోటీన్ గూడ దిగింది. ఇగ గోడ అతుక్కుంటున్నది. నీళ్ళు జల్దీ పోయినయ్. ప్రోటీన్ జల్దీ పోదు, జరంత మిగిలింది. టైం పడ్తది, అంతే."

సువార్తరావు సైటు నోటుబుక్కు తీసి మూడు లైన్లు రాసుకున్నాడు. నీళ్ళు, పోయాయి. ప్రోటీన్, మిగిలింది. టైం పడుతుంది. రాసి, కాసేపు ఆలోచించి, కింద నాలుగో లైను చేర్చాడు: సోర్స్ ఆపాలి.

ఆయన వృత్తి అలాంటిది. మెసైమీర్‌లో ఒక కంపెనీ పెద్ద భవనానికి పునాదులు తవ్వుతోంది. దోహాలో ఎక్కడ రెండు నిలువులు తవ్వినా ఉప్పునీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు తోడించే సూపర్‌వైజరు సువార్తరావు. పంపు వేసే ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి అది ఆపాలి. లేకపోతే ఎంత తోడినా వృథా. ఇరవై రెండేళ్ళుగా ఆయన నమ్మిన సూత్రం అది.

ఇంటికి వచ్చాక ఆస్పత్రి కాగితాలు తిరగేస్తే మూడో పేజీలో, పెద్ద అక్షరాల్లో, హై ప్రోటీన్ డైట్ అని కనిపించింది. కింద గుడ్లు, చేపలు, కోడిమాంసం, పప్పు, పెరుగు, వేరుశెనగలు అని జాబితా. ఇంకేముంది, తన అనుమానమే నిజమైందనుకున్నాడు. ఆ జాబితా మొత్తం స్కెచ్ పెన్నుతో ఎత్తిరాసి, పైన ఎర్రగా 'మాఫీ' అని రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. అరబ్బీలో ఆ మాటకు లేదని అర్థం, గల్ఫులో అందరికీ నోరు తిరిగిన మాట.

అనిత ఆ మొదటిరోజే చెప్పబోయింది. "చిన్నాయనా, అది తినమని రాసింది..."

"తినమనా?" ఆయన జాలిగా చూశాడు. "హై బీపీ అంటే ఏంటి? బీపీ ఎక్కువైందని. హై షుగర్ అంటే? షుగర్ ఎక్కువైందని. హై ప్రోటీన్ అంటే?"

"అది గాదు..."

"షుగర్ డైట్ అంటారు గదా, చక్కెర తినమనా దానర్థం? మా అన్నయ్య పదేళ్ళుగా షుగర్ డైట్‌లో ఉన్నాడు. ఒక్క లడ్డూ ముట్టుకున్నాడా? నువ్వు సీసాల మీద నంబర్లు రాసుకో అమ్మాయ్, ఇది నాకొదిలెయ్."

ఆ తర్కంలో ఎక్కడో కన్నముందని అనితకు తెలుసు. కానీ ఎక్కడని వేలు పెట్టాలో తెలియక గమ్మున గదిలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆమె ఊరి నుంచి తెచ్చుకున్న వేరుశెనగ పొడి డబ్బా ఆయన సూట్‌కేసులోకి వెళ్ళింది. తాళం కూడా పడింది.

ఆ తర్వాత ఆడవాళ్ళిద్దరూ దొంగచాటుగా ప్రయత్నించకపోలేదు. మంగళవారం ఆయన డ్యూటీకి వెళ్ళాక అనిత గుడ్డు ఉడకబెట్టి, చిదిమి, ఉప్మాలో కలిపింది. సౌభాగ్యమ్మ రెండు ముద్దలు తిని కళ్ళు మూసుకుంది. అప్పుడే మరిచిపోయిన హెల్మెట్ కోసం సువార్తరావు తిరిగొచ్చి గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చాడు. ఉప్మా గిన్నె తీసుకుని కింద అంతస్తులో ఉండే జహనారా ఇంట్లో ఇచ్చేసి వచ్చాడు.

ఆ పూట అన్నం ముందు సౌభాగ్యమ్మ ప్రార్థన కాస్త గట్టిగానే సాగింది. "ప్రభువా, నువ్విచ్చిన గంజికి స్తోత్రం. నువ్విచ్చిన చారునీళ్ళకి స్తోత్రం. మా ఆయన జ్ఞానానికి కూడా స్తోత్రం, దాన్ని కాస్త తగ్గించు తండ్రీ. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు సువార్తరావు, అన్నం కలుపుకుంటూ. ఆయన కూడా అదే చారు తినేవాడు. అది చెప్పుకోవాలి. భార్య మానినవన్నీ తనూ మానేశాడు. ప్యాంటు వదులై బెల్టుకు కొత్త కన్నం పొడుచుకున్నాడు. అందుకే అనితకు ఆయన మీద కోపం రావడం కష్టమైంది.

నవ్వులన్నీ పైపైనే. లోపల సౌభాగ్యమ్మకు ఒకటే గుబులు. అల్ సద్‌లో మరీహా అనే ఆవిడ బురఖాల్లాంటి అబాయాలు కుట్టే షాపులో పదమూడేళ్ళుగా ఆమె పూసలపని చేస్తోంది. ఒకటో తేదీ దాకా నీ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టనని మరీహా కబురు పంపింది. సువార్తరావు మాత్రం మనిషి ఇలా నీరసంగా ఉంటే ఇంటికి పంపడమే మేలనుకున్నాడు. పాలకొల్లులో మరదలి దగ్గర మూడు నెలలు.

"మూడు నెలలా?" అని సౌభాగ్యమ్మ మొత్తుకుంది. "ఆవిడ సీరియళ్ళ కథలు చెబుతుందండీ, పొద్దున్న మొదలెడితే దీపాలు పెట్టేదాకా. ఆస్పత్రిలో అందిన ఊపిరి అక్కడ అందదు నాకు. నా కుర్చీ పోతుంది. నన్ను పంపకండి."

చివరికి సువార్తరావు సైటు పద్ధతిలో ఒక పరీక్ష పెట్టాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కింద వీధి నుంచి మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కాలి. ఎక్కితే ఇక్కడే. మధ్యలో కూర్చుంటే టికెట్టు. ఆ శుక్రవారం ఈ రోజే.

మూడోసారి వడకట్టిన చారుతో మధ్యాహ్నం భోజనం అయింది. ఐదింటికి ముగ్గురూ కిందికి దిగారు. ఎదుటి హోటల్లోంచి పరోటాల వాసన వస్తోంది. సౌభాగ్యమ్మ ఆ వాసన నిండా పీల్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, "యల్లా, పదండి" అని మొదటి మెట్టెక్కింది.

మొదటి అంతస్తు దాకా బాగానే నడిచింది. సువార్తరావు వెనకాల రెండు చేతులూ చాపి, పడితే పట్టుకోవడానికన్నట్టు ఎక్కుతున్నాడు. రెండో అంతస్తుకు నాలుగు మెట్లుండగా ఆమె అడుగు చిన్నదైంది. అనిత పక్కనే ఉండి గమనించింది. ఆమె ఆయాసపడటం లేదు, కాళ్ళలో సత్తువ లేదు. చీర అంచు కింద చీలమండలు ఉబ్బి చెప్పుల పట్టీలు లోతుగా దిగబడ్డాయి. రెండో అంతస్తు చేరగానే సౌభాగ్యమ్మ గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

జహనారా తలుపు తీసి చూసి, లోపలికి పరుగెత్తి గిన్నెలో వేడివేడి శనగల కూర పట్టుకొచ్చింది. "క్యా భాయ్‌సాబ్, ఆంటీకో కుచ్ ఖిలాతే నహీ క్యా? దేఖో, కైసీ సూఖ్ గయీ." ఆంటీకి ఏమీ పెట్టడం లేదా, ఎలా ఎండిపోయిందో చూడండని దెప్పింది.

"మాఫీ, మాఫీ" అంటూ సువార్తరావు గిన్నెకు చెయ్యడ్డం పెట్టాడు. "ప్రోటీన్ హై ఉస్‌మే."

"హై తో అచ్ఛా హై" అంది జహనారా, ఉంటే మంచిదే గదా అని, ఆయన గొడవ అర్థం కాక.

పైకి చేరాక సౌభాగ్యమ్మ సోఫాలో గోడవైపు తిరిగి కూర్చుంది. కళ్ళు తుడుచుకోవడం కనబడకూడదని చెంగు ముఖానికి విసురుకుంటోంది. సువార్తరావు బీరువా తెరిచి ఆమె పాస్‌పోర్టు తీశాడు. బల్ల మీద పెట్టి, టికెట్టు కోసం ఫోను తీసి, కళ్ళజోడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అనిత వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తోంది. ఎనిమిది నెలల్లో ఆయన గురించి ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఆయనకు చెబితే వినడు. అడిగితే మాత్రం చెబుతాడు. చెబుతున్నప్పుడు తన మాట తనే శ్రద్ధగా వింటాడు.

"చిన్నాయనా" అంది. మళ్ళీ అంది. "చిన్నాయనా, మీ మెసైమీర్ గుంతలో నీళ్ళు తోడేకి ఎంతసేపు పడతాది?"

సువార్తరావు చెయ్యి ఆగింది. ఇంట్లో ఎవరూ ఆయన్ను ఆ ప్రశ్న ఇంతవరకు అడగలేదు.

"బేస్‌మెంట్ గుంటా? రెండు పంపులేస్తే పన్నెండు గంటలు. ఎందుకు?"

"అంతా పోతాదా?"

"నీళ్ళు పోతాయి. బురద పోదు. బురద పంపు నోట పట్టదు. పడితే పంపు చచ్చిందే. మనుషులు దిగాలి, పారలతో ఎత్తాలి, బకెట్లతో మొయ్యాలి."

"అదెన్నాళ్ళు?"

"వారం. ఒక్కోసారి రెండు. ఇంజనీర్లు వచ్చి, నీళ్ళు పోయాయి గదా ఇంకా లేటేంటి సువార్తరావ్ అంటారు. ఏసీలో కూర్చునేవాళ్ళకి ఏం తెలుస్తుంది?" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ బురద యాడ నుంచి వస్తాది?"

"గోడ వెనక మట్టిలోంచి. దాన్లో ఓ కిటుకుందమ్మాయ్. గోడలోంచి తేటనీళ్ళు కారాయనుకో, భయం లేదు. వెనకాల ఒత్తిడి ఎక్కువైందంతే. ఒత్తిడి తగ్గిస్తే ఆగిపోతుంది. బురదనీళ్ళు వచ్చాయనుకో, గోడకే సందు పడ్డట్టు. అప్పుడు ముందు గోడ సంగతి చూడాలి."

"చిన్నమ్మకి వచ్చినవి ఏ నీళ్ళు?"

సౌభాగ్యమ్మ చెంగు విసరడం ఆపింది.

అనిత రెండడుగులు ముందుకొచ్చింది. "గుండె మొరాయిస్తే వచ్చేవి తేటనీళ్ళు. ఒత్తిడికి కారేవి. వాటిల్లో ప్రోటీను తక్కువుంటాది. చిన్నమ్మ గుండె బాగుండాది గదా. జ్వరానికి గోడ వదులైందని డాక్టరే చెప్పె. నెత్తుర్లో ఉండే ప్రోటీను ఆ సందుల్లో నుంచి నీళ్ళతో పాటు దిగింది. అవి బురదనీళ్ళు."

"ఊఁ" అన్నాడు సువార్తరావు.

"ఇప్పుడు గోడ అతుక్కున్యాది. దాంట్లో చిన్న చిన్న కణాలు ఉంటాయి. అవి ఉప్పును బయటికి తోస్తాయి, ఉప్పు ఎనకాలే నీళ్ళు పోతాయి. అది మీ పంపు. ప్రోటీను పెద్దది, ఆ దోవన పట్టదు. కణమే దాన్ని బుడ్డ సంచిలో వేసుకున్నట్టు లోపలికి తీసుకుంటాది. కొంత మోసుకుపోయి అవతల పక్క దింపుతాది, కొంత లోపలే ముక్కలు చేస్తాది. అవి మీ బకెట్లు. అందుకే టైం పడతాదనె డాక్టరు."

"అంటే లోపల పనోళ్ళున్నారంటావ్."

"ఉండారు. చిన్నాయనా, ఒకమాట అడుగుతా. గుంతలో బురద మీ పనోళ్ళు తినే బువ్వలోంచి వచ్చిందా?"

సౌభాగ్యమ్మ ఒక్కసారి పక్కున నవ్వింది. సువార్తరావు ఆమెవైపు చూసి, మళ్ళీ అనితవైపు చూశాడు.

"బురద తీసే రోజున వాళ్ళకి బువ్వ నిలిపేస్తే బురద తగ్గుతాదా?"

"బువ్వ నిలపడం ఏంటి?" ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "మరి బకెట్ ఎవడు మోస్తాడు? బురద పనంటే మామూలనుకున్నావా? ఆ రోజు నేనే దగ్గరుండి ఒక్కొక్కడికి చికెన్ బిర్యానీ, రెండేసి గుడ్లు..."

ఆ గుడ్లు రెండూ బల్ల మీద పెట్టినట్టు ఆయన బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పండి" అంది సౌభాగ్యమ్మ తియ్యగా. "రెండేసి గుడ్లు. తరవాత?"

"నువ్వుండవే." ఆయన గొంతులో ఇందాకటి ధాటీ లేదు. కాగితాల సంచిలోంచి మూడో పేజీ తీశాడు. "మరి ఇదేంటి? హై ప్రోటీన్ డైట్. ఇదీ పనోళ్ళు రాశారా?"

"షుగర్ డైట్ మనం అనుకునే మాట చిన్నాయనా. ఆస్పత్రోళ్ళు అట్ల రాయరు. చక్కెర తగ్గించమనాలంటే లో షుగర్ డైట్ అని రాస్తారు. ఉప్పు తగ్గించమనాలంటే లో సాల్ట్. ఏది తక్కువ తినాలో దానికి లో. ఏది ఎక్కువ తినాలో దానికి హై."

ఆయన పెదాలు కదిలాయి. లో సాల్ట్. లో షుగర్. హై ప్రోటీన్. కళ్ళు కాగితం మీది నుంచి మెల్లగా ఫ్రిజ్ మీదికి వెళ్ళాయి. అక్కడ గుడ్లు, చేపలు, కోడిమాంసం అన్నీ వరసగా, ఆయన చేతిరాతలోనే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

"మూడు వారాలు" అన్నాడు తనలో తాను.

అనిత ఇంకొక్క మాట చెప్పాలా వద్దా అని ఆగి, చెప్పింది. "ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటికే చిన్నమ్మ నెత్తుర్లో ప్రోటీను తక్కువుండె. రెండో పేజీలో అల్బుమిన్ అని ఉంటాది చూడండి, రెండు పాయింట్ ఎనిమిది. మూడున్నర మీద ఉండాల. నెత్తుర్లో నీళ్ళని పట్టి ఉంచేది ఆ ప్రోటీనే. అది తగ్గితే నీళ్ళు కాళ్ళల్లోకి దిగుతాయి."

సువార్తరావు లేచి వెళ్ళి సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భార్య చీలమండ మీద బొటనవేలితో మెల్లగా నొక్కి తీశాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. అది నిండేదాకా కదలకుండా చూశాడు. చాలాసేపు పట్టింది.

"నొప్పి లేదండీ" అంది సౌభాగ్యమ్మ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "మీరూ నాతో పాటు అదే తిన్నారు గదా. నేనేమీ అనుకోలేదు."

ఆయన జేబులోంచి నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, నాలుగో లైను మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశాడు. చాలలేదేమో, ఇంకో గీత గీశాడు. బల్ల మీది పాస్‌పోర్టు తీసుకెళ్ళి బీరువాలో, చీరల అడుగున పెట్టి తలుపు వేశాడు. సూట్‌కేసు తాళం తీసి వేరుశెనగ పొడి డబ్బా అనిత చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేక డబ్బా మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూశాడు.

"ఒకటో తేదీకి ఇంకా పదహారు రోజులున్నాయి" అంది సౌభాగ్యమ్మ, ఎవరితోనూ కాకుండా. "మరీహాకి ఫోన్ చెయ్యనా?"

సువార్తరావు అప్పటికే బనియను మీద చొక్కా తొడుక్కుంటున్నాడు. గుండీలు ఒకదానికొకటి తప్పి ఒక పక్క పైకి లేచింది. అనిత చూసింది కానీ చెప్పలేదు. ఆయన వంటింటి తలుపు వెనక మేకుకున్న పెద్ద బజారు సంచి తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, దాని పక్కనున్న రెండో సంచి కూడా తీసుకున్నాడు. రెండూ చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.